అనోమర్, ఎపిమర్

చక్కెరల రసాయనంలో విద్యార్థులను తికమకపెట్టే జంట పదాలు. చాలా కార్బన్లున్న రెండు చక్కెరలు ఒకే ఒక్క కార్బన్ దగ్గరి అమరికలో తేడాపడితే వాటిని ఎపిమర్లంటారు. గ్లూకోజ్‌కు రెండో కార్బన్ దగ్గర మానోజ్, నాలుగో కార్బన్ దగ్గర గాలక్టోజ్ అలాంటివి. గొలుసుగా ఉన్న అణువు వలయంగా మూసుకున్నప్పుడు గ్లూకోజ్ మొదటి కార్బన్ దగ్గర కొత్తగా పుట్టే తేడా వల్ల ఆల్ఫా, బీటా రూపాలు ఏర్పడతాయి. ఇవి అనోమర్లు. నిజానికి అనోమర్లు ఎపిమర్లలో ఒక తెగే. అయితే నీళ్లలో వేస్తే అనోమర్లు తమంతట తామే ఒకదాన్నుంచి మరొకటిగా మారతాయి. గ్లూకోజ్ గాలక్టోజ్‌గా మారాలంటే మాత్రం శరీరంలో ఎంజైమ్ పూనుకోవాలి.

పేర్లకంటే సంగతే ముందు బయటపడింది. అప్పుడే కలిపిన గ్లూకోజ్ ద్రావణం ధ్రువిత కాంతిని తిప్పే కోణం మెల్లగా మారుతుందని 1846లో ఫ్రాన్స్‌లో డ్యూబ్రన్‌ఫో గమనించాడు. 1895లో టాన్రే వేర్వేరు రూపాలను చూపేదాకా కారణం అంతుపట్టలేదు. ఆల్ఫా +112 డిగ్రీలు, బీటా +19 డిగ్రీలు తిప్పుతాయి. కలిసి +52.7 దగ్గర స్థిరపడతాయి. ఎపిమర్ అన్న పేరు 1911లో చెక్ శాస్త్రవేత్త వొటొచెక్ పెట్టింది. అనోమర్ 1933 నాటిది.

గుంటూరు బ్రాడీపేట లైన్లలోని ల్యాబుల్లో పరగడుపు షుగరు చూసేవారికి ఇది పుస్తకాల గొడవ కాదు. మన దగ్గర విరివిగా వాడే జీఓడీ-పీఓడీ కిట్‌లోని గ్లూకోజ్ ఆక్సిడేజ్ బీటా రూపాన్నే పట్టుకుంటుంది. సీసాలో కొనే గ్లూకోజ్ పొడి ప్రధానంగా ఆల్ఫా. అందుకే దాన్ని నీళ్లలో కలిపి తయారుచేసే స్టాండర్డ్‌ను, అంటే పోల్చి చూసే ద్రావణాన్ని, వెంటనే వాడరు. కనీసం రెండు గంటలు, కుదిరితే రాత్రంతా పక్కన పెడతారు. ఈలోగా మూడింట రెండొంతుల దాకా బీటా అవుతుంది. ఆ ఓపిక లేకపోతే స్టాండర్డ్ తక్కువ చూపి, రోగి షుగరు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది.

ఎపిమర్ల తేడా తెలిసేది పసిపిల్లల మూత్రంలో. మెడికల్ కాలేజీ మొదటి ఏడాదిలోనే చేయించే బెనెడిక్ట్ పరీక్షకు గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ ఒకటే. ఏదున్నా వేడిచేస్తే నీలం పోయి ఇటుక ఎరుపు తేలుతుంది. గ్లూకోజ్ స్ట్రిప్ మాత్రం గాలక్టోజ్‌ను పట్టించుకోదు. పాలు పడక, కామెర్లతో ఉన్న శిశువుకు బెనెడిక్ట్ పాజిటివ్, స్ట్రిప్ నెగటివ్ వస్తే వైద్యులు గాలక్టోజ్‌ను శరీరం వాడుకోలేని జబ్బైన గాలక్టోసీమియాను అనుమానించి పాలు ఆపిస్తారు, తల్లిపాలతో సహా.