ఆశ్రమ విద్యలో ఇంటి బెంగ: బోయినపల్లి ప్రాంతం - చారిత్రక పరిశీలన

కీలక పదాలు: బెంగ, రంది, వసతిగృహం, నవోదయ, ముంపు గ్రామాలు.

1. ఉపోద్ఘాతం:
సొంత ఊరికి దూరమైనవారి మనోవేదనను 1688లో బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ 'నోస్టాల్జియా' అనే వ్యాధిగా వర్ణించాడు. తెలుగువారు దానిని 'బెంగ' అన్నారు. తెలంగాణలో 'రంది' అనడమూ ఉంది. బెంగ పెట్టుకున్న పిల్లవాడికి లోకవ్యవహారం సూచించే ఉపశమనం మందు కాదు, తోడు. బోయినపల్లి ప్రాంతపు పిల్లలకు అందుబాటులోకి వచ్చిన ఆశ్రమ విద్య ఆ తోడును ఏ మేరకు సమకూర్చిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. వసతిగృహం నుండి గురుకులానికి:
నిజాం రాజ్యంలో ఉన్నత విద్యకు హైదరాబాదు ప్రధాన కేంద్రం. అక్కడ ఉర్దూదే ప్రాబల్యం. 1918లో రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డి పూనికతో వెలసిన రెడ్డి హాస్టల్ గ్రామీణ విద్యార్థులకు వసతితో పాటు తెలుగు మాట్లాడే సావాసాన్ని, గ్రంథాలయాన్ని ఇచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేలులో ఆరంభమైన గురుకుల పాఠశాల ఆశ్రమ విద్యను ప్రతిభగల పేద పిల్లల చెంతకు తెచ్చింది.

3. నవోదయ విధానం:
1986 జాతీయ విద్యావిధానం నవోదయ విద్యాలయాలకు ఊతమిచ్చింది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా విద్యాలయం చొప్పదండిలో ఏర్పడింది. బోయినపల్లి నాడు ఆ జిల్లాలోనిదే. ఇక్కడ ప్రవేశం ప్రధానంగా ఆరో తరగతిలో. పిల్లలను అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే సదనాలుగా విభజించి, ఒక్కో సదనానికి ఉపాధ్యాయుని సంరక్షకునిగా నియమిస్తారు. పెద్ద పిల్లలు చిన్నవారికి అన్నలుగా, అక్కలుగా మెలగే వీలు ఇందులో ఉంది. అయితే తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు హిందీ ప్రాంత విద్యాలయానికి పంపుతారు. జాతీయ సమైక్యతకై రూపొందిన ఈ పద్ధతిలో అప్పుడే కుదురుకున్న పిల్లవాడికి భాష, తిండి, స్నేహాలు మళ్లీ మారుతాయి.

2013-17 మధ్య నవోదయలలో 49 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న పత్రికా కథనంపై జాతీయ మానవ హక్కుల సంఘం 2019లో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఆ మరణాలన్నిటినీ బెంగకు ఆపాదించడం సరికాదు. కానీ పిల్లలు మనసు విప్పి చెప్పుకొనే మనిషి ప్రాంగణంలో ఉన్నారా అన్న ప్రశ్న ఆ నోటీసులో కీలకం.

4. ముంపు గ్రామాలు:
బెంగకు వాడుకలోని విరుగుడు సెలవులకు ఇంటికి పంపడం. మధ్య మానేరు జలాశయం కింద బోయినపల్లి మండలంలోని కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్లు మునిగి, కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలాయి. అలాంటి ఇంటి పిల్లలు సెలవులకు చేరేది తాము తలచుకొనే ఇంటికి కాదు. కన్నవారు కూడా అదే రందిలో ఉంటారు.

ముగింపు:
వసతి, భోజనం, బోధన నియమబద్ధంగా అందాయి. తోడు మాత్రం ఎక్కువగా సంరక్షకుల మంచితనంపైనే ఆధారపడింది. మాతృభాషలో మాట, ఇంటి వంట, బతుకమ్మ వంటి పండుగలు, వినే పెద్దమనిషి - ఇవి సౌకర్యాలుగా గాక విద్యలో భాగంగా పరిగణింపబడినప్పుడే ఆశ్రమ విద్య ఆ పేరుకు తగినదవుతుంది.