మళ్లీ మోగిన డప్పు

ఇందూరు (నిజామాబాద్) పల్లెల్లో ఒకప్పుడు కబురంటే డప్పు చాటింపే. జాతరైనా, శిస్తు వసూలైనా, గత్తరైనా. గత్తరంటే కలరా, పేరు వింటేనే ఊళ్లు వణికేవి.

ఆ ఇందూరు సీమలోనే, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక బోధన్‌ను ఆనుకుని శక్కర్‌నగర్ వెలసింది. 2015 డిసెంబరులో ఆ మిల్లు మూతపడింది. అయిదేళ్లు తిరక్కముందే కరోనా!

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. వాట్సాప్‌లో పుకార్లు పరుగెత్తాయి. తెలంగాణ ఊళ్లలో నమ్మదగ్గ కబురు మాత్రం పాత దారులనే పట్టింది: డప్పు, పంచాయతీ మైకు, గడపగడపా తొక్కిన ఆశా కార్యకర్తలు. రేషన్ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు సర్కారు ఇస్తుందన్న సంగతి పనులు ఆగిన కూలీలకు పెద్ద ఊరట.

మంజీరా నది అవతల మహారాష్ట్ర. చుట్టరికాలు ఇరువైపులా ఉన్న బోధన్ జనానికి, సరిహద్దు మూసుకోవడమే అన్నిటికన్నా వింత వార్త.