చావుపాపమైన ఓటు

1961 సెప్టెంబరు 22న మాల్టా లేబర్ పార్టీ ఉపనాయకుడు జుజే ఎల్లుల్ మెర్సేర్ కన్నుమూశాడు. మంత్రిగా పనిచేసినవాడు, అంతకుమించి మాల్టీసు భాషకు మంచి నవల ఇచ్చిన రచయిత. కతోలిక కుటుంబంలో పుట్టి, కతోలికుడిగానే బతికాడు. కానీ ఆయన శవపేటికను అద్దొలొరాటా సమాధుల దొడ్డిలో మంత్రజలం పడని మూలకు మోసుకెళ్లారు. ఆ మూలను జనం 'మిజ్‌బ్లా' అనేవారు. పెంటకుప్ప అని అర్థం. ఫిరంగిపురంలోనో, మరో పాత విచారణలోనో పుట్టి పెరిగిన మన కతోలికులకు ఈ అవమానం ఎంతటిదో వివరించనక్కరలేదు. కేరళలో సాహిత్య విమర్శకుడు ఎం.పి. పాల్‌ను కూడా 1952లో ఇలాంటి 'తెమ్మాడిక్కుళి' (పోకిరీల గుంట)లోనే పూడ్చారు.

ఎల్లుల్ మెర్సేర్ చేసిన నేరం ఒక పార్టీ కార్యవర్గంలో ఉండటం. ఆ ఏడాది ఏప్రిల్ 8న అగ్రపీఠాధిపతి మికీల్ గోంజి ఆ కార్యవర్గానికి దివ్యసంస్కారాలు నిషేధించారు. ఆ తర్వాత పార్టీ పత్రికలు చదవడం, అమ్మడం, కొనడం, పంచడం చావుపాపమన్నారు. ఎన్నికలు వచ్చేసరికి ఆ పార్టీకి ఓటు వేయడమూ చావుపాపమే అయింది.

ఒక పీఠాధిపతి రాజకీయం అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే నాలుగు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

సిసిలీకి దక్షిణాన ఉన్న మాల్టా దీవులన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. అపొస్తలుల కార్యాల ప్రకారం పౌలు ఓడ పగిలి ఒడ్డుకు చేరింది ఇక్కడే. ఆ సంగతిని మాల్టా వాళ్లు నిన్నమొన్న జరిగినట్టే చెప్పుకుంటారు. భాష అరబ్బీ నుంచి పుట్టింది, లిపి రోమన్. దేవుణ్ని 'అల్లా' అంటారు, తపస్సుకాలాన్ని 'రన్దాన్' అంటారు. ఆ మాటలతోనే రోమ్‌కు విధేయులై ప్రార్థిస్తారు. పందొమ్మిదో శతాబ్ది ఆరంభం నుంచి 1964 దాకా ఏలింది మాత్రం ప్రొటెస్టెంట్ బ్రిటన్. పాలకుడి మతం వేరైన చోట ప్రజలకు తమవాడని చెప్పుకోవడానికి మిగిలిన పెద్దమనిషి పీఠాధిపతే. ఆ పలుకుబడి ఊరికే వచ్చింది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో మాల్టా ముట్టడిలో చిక్కి ఆకలితో అలమటిస్తున్నప్పుడు, అప్పటికి గోజో దీవి పీఠాధిపతిగా ఉన్న ఈ గోంజియే రైతులను ఒప్పించి, దాచుకున్న గోధుమలను బయటికి తీయించాడు. తర్వాతి సంవత్సరాల్లో ఆయన మీద మండిపడ్డవాళ్లలో ఆ రొట్టె తిని పెరిగినవాళ్లూ ఉండి ఉంటారు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. 1921లో మాల్టాకు స్వపరిపాలన వచ్చినప్పుడు ఈ గోంజి సెనేట్‌కు వెళ్లింది లేబర్ తరఫునే. నలభై ఏళ్ల తర్వాత తాను నిషేధం విధించబోయే పార్టీకి తొలిరోజుల్లో ప్రతినిధి ఆయనే. 1924లో గోజోకు పీఠాధిపతి అయ్యాడు.

తొలి దెబ్బ లేబర్ ఒక్కదానికే తగల్లేదు. 1927లో ప్రధాని అయిన లార్డ్ జెరాల్డ్ స్ట్రిక్‌లాండ్ కతోలికుడే. ఆస్ట్రేలియా రాష్ట్రాలకు గవర్నరుగా చేసి వచ్చినవాడు, బ్రిటన్ పక్షపాతి, నోటి దురుసుకు పెట్టింది పేరు. సిసిలీకి ఒక సన్యాసి బదిలీ విషయంలో మొదలైన రగడ, ప్రభుత్వం పెద్దదా, చర్చి పెద్దదా అనే దాకా పోయింది. 1930 మే 1న మాల్టా పీఠాధిపతి మౌరో కరువానా, గోజో పీఠాధిపతి గోంజి ఉమ్మడి లేఖ విడుదల చేశారు. స్ట్రిక్‌లాండ్‌కు, ఆయనతో జతకట్టిన లేబర్ వాళ్లకు ఓటు వేయడం ఘోర పాపమనీ, అలా వేసేవారికి సంస్కారాలు లేవనీ దాని సారం. బ్రిటిష్ ప్రభుత్వం ఎన్నికలనే ఆపేసింది. 1932లో స్ట్రిక్‌లాండ్ క్షమాపణ చెప్పుకున్నాకే నిషేధం ఎత్తేశారు. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. మందు పనిచేసిందని పీఠాధిపతులకు నమ్మకం కుదిరింది. తర్వాతి కథంతా ఆ నమ్మకం మీదే నడిచిందని నా అభిప్రాయం.

రెండో అంకంలో ఎదుటివాడు డొమ్ మింటాఫ్. ఓడరేవు పక్కన బొర్మ్లాలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఇంజనీరు. 1955లో దాదాపు 57 శాతం ఓట్లతో లేబర్‌ను గెలిపించాడు. మాల్టాను బ్రిటన్‌లోనే కలిపేసి, లండన్ పార్లమెంటుకు మాల్టా సభ్యులను పంపాలన్నది అప్పటి అతని పథకం. గోంజి భయం వేరు: ఇంగ్లండు చట్టాలు వస్తే వాటి వెనకే సివిల్ పెళ్లి, విడాకులు వస్తాయి. చర్చి స్థానానికి రాతపూర్వకమైన హామీ కావాలన్నాడు. 1956 ఫిబ్రవరి రెఫరెండంలో ఓటేసిన వాళ్లలో 77 శాతం ఔనన్నారు కానీ, పోలింగు 59 శాతమే. మిగతావాళ్లు ఇంట్లో కూర్చున్నారు. ఆ పథకం చివరికి డబ్బు పేచీలతో కూలింది. మింటాఫ్ 1958లో రాజీనామా చేసి స్వాతంత్ర్యమే కావాలన్నాడు, ఆసియా, ఆఫ్రికా దేశాల సంఘీభావ సంస్థతో స్నేహం కట్టాడు. అందులో కమ్యూనిస్టులు ఉన్నారన్నది చర్చి అభ్యంతరం.

అప్పుడు వచ్చింది 1961 నిషేధం. కాగితం మీద అది కార్యవర్గానికే. బతుకులో అందరినీ తాకింది. లేబర్ మనుషుల పెళ్లిళ్లు పీఠం ముందు కాకుండా సాక్రిస్టీలో, అంటే గురువులు వస్త్రాలు మార్చుకునే గదిలో జరిగాయి. ఈస్టరుకు ఇల్లిల్లూ ఆశీర్వదించే గురువు ఆ గడపలు దాటేసి పోయాడు. పాపసంకీర్తనానికి వెళ్తే ఏ పత్రిక చదువుతున్నావు, ఎవరికి ఓటేస్తావు అనే ప్రశ్న ఎదురైంది. జవాబు నచ్చకపోతే పాపవిమోచనం లేదు. మింటాఫ్ మాట్లాడే సభలు వినపడకుండా గుడి గంటలు మోగించారు, ఈలలు వేశారు.

గంటలు మోగించినవాళ్లూ సామాన్య విశ్వాసులే, ఇది మరవకూడదు. కతోలిక సంఘాలన్నీ కలిసి ఒక 'జుంటా'గా ఏర్పడి పీఠాధిపతికి అండగా నిలిచాయి. అందుకే దీన్ని గురువులకూ జనానికీ మధ్య గొడవగా చెబితే సగమే చెప్పినట్టు. ఒకే విచారణలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో కూడా, కోపం రెండుగా చీలింది.

ఈ శిక్షలో ఒక మెలిక ఉంది. గుడి ముఖం చూడనివాడికి దివ్యసత్ప్రసాదం ఇవ్వమంటే వాడికి పోయేదేముంది? నొప్పి పుట్టేది నమ్మినవాడికే. ఆదివారం పూజకు తప్పకుండా వెళ్లే ఓడరేవు కూలీ, బిడ్డ పెళ్లి పీఠం ముందు జరగాలని కోరుకునే తల్లి, వీళ్లకే దెబ్బ తగిలింది. లేబర్ వాళ్ల కోపంలో మతద్వేషం కంటే అలక ఎక్కువ. తమ ఇంట్లోంచి తమనే గెంటేశారన్న బాధ అది.

1962 ఫిబ్రవరి ఎన్నికల్లో లేబర్ ఓట్లు 34 శాతానికి పడ్డాయి. 50 స్థానాల్లో 16 దక్కాయి. ఆ పతనమంతా నిషేధం పుణ్యమే అనలేం. లేబర్‌ను వదిలి టోనీ పెల్లెగ్రీని పెట్టిన క్రైస్తవ కార్మికుల పార్టీ కూడా కొన్ని ఓట్లు చీల్చుకుని నాలుగు స్థానాలు గెలిచింది. అయినా నాకు ఆశ్చర్యం 16 దగ్గర కాదు, 34 దగ్గర. నరకం తప్పదని గుడిలో చెప్పాక కూడా ప్రతి ముగ్గురిలో ఒకరు ఆ గుర్తుకే వేశారు. ఈ పాపం సంగతి దేవుడికీ తమకీ మధ్య తేల్చుకుందామని వాళ్లు నిర్ణయించుకున్నట్టే కదా. అక్కడే పీఠాధిపతి ఆయుధం మొండిబారింది. ఒకసారి దాని దెబ్బ తిని, బతికి బయటపడ్డ మనిషి రెండోసారి దానికి భయపడడు.

1964లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రోమ్‌లో రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిసి, రాజకీయ సమాజానికీ చర్చికీ వేటి పరిధి వాటిదని చెప్పింది. మాల్టా విశ్వాసులు చేతిలో పట్టుకోవడానికి అది కొత్త కాగితం. లేబర్ ఓటు 1966లో 43 శాతానికి లేచింది. వాటికన్ సహాయ పీఠాధిపతిగా పంపిన ఇమ్మానుయేల్ జెరాడా ముందుండి రాజీ నడిపాడు. 1969 ఏప్రిల్ 4న, శుభ శుక్రవారం నాడు, ఒప్పందం కుదిరింది. ఓటును పాపంగా ముద్ర వేసే పద్ధతి దాంతో ముగిసింది. 1971లో లేబర్ 50.8 శాతం ఓట్లతో, 55 స్థానాల్లో 28 గెలిచి అధికారంలోకి వచ్చింది. గోంజి అప్పటికీ అగ్రపీఠాధిపతే. 1975లో సివిల్ పెళ్లి చట్టం వచ్చేవరకూ ఉండి, మరుసటి ఏడాది పదవి దిగాడు.

పగ మాత్రం అంత తేలిగ్గా దిగలేదు. మింటాఫ్ 1980లలో చర్చి బడులు ఉచితంగా నడపాలి, లేకపోతే మూయాలి అన్నాడు. 1984 సెప్టెంబరు 28న ఓడల మరమ్మతు కార్మికులు పీఠాధిపతి కార్యాలయం మీద పడి సామాను ధ్వంసం చేశారు. అవమానం పడ్డవాళ్ల చేతికి అధికారం వస్తే వాళ్లు మంచివాళ్లయిపోరు. ఆ దాడిని పాత గాయం పేరు చెప్పి సమర్థించే లేబర్ అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను.

ఆఖరి అంకం విడాకులది. గోంజి 1956లో భయపడ్డ విడాకులు మాల్టా గడప తొక్కడానికి 55 ఏళ్లు పట్టింది. 2011 మే 28 రెఫరెండంకు ముందు గోజో పీఠాధిపతి మారియో గ్రెక్ విడాకులు కోరే కతోలికులను గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్లతో పోల్చాడు. తర్వాత ఆయన కార్డినల్ అయ్యాడు, విశ్వాసుల మాట వినాలని చెప్పే వాటికన్ సినడ్‌కు ప్రధాన కార్యదర్శి కూడా అయ్యాడు. దాదాపు 53 శాతం మంది విడాకులకు ఔనన్నారు. పోలింగు ముగిశాక పీఠాధిపతులు, ప్రచారంలో తమ మాటల వల్ల నొచ్చుకున్నవారిని క్షమించమని అడిగారు. 1932లో ఓటు అడిగినవాడు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2011కి అది తారుమారైంది.

అప్పటి ప్రధాని లారెన్స్ గోంజి అగ్రపీఠాధిపతి గోంజికి మనవడి వరస. పార్లమెంటులో ఆయన విడాకుల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడు. బిల్లు 52–11తో నెగ్గింది.