జపాను అక్షరములు - జ్ఞాపకపు కథలు



వృద్ధాప్యమున నాకు మరల అక్షరాభ్యాసము జరిగినది. మా మనుమడు జపానులో బడికి పోవుచున్నాడు. వాని చేవ్రాత చదువవలెనను కోరికతో ఆ దేశపు లిపిని నేర్వ మొదలిడితిని.

మన యక్షరములు ధ్వనికి గుర్తులు. 56 అక్షరములను గుణింతములతో నేర్చినచో ఏ మాటనైనను చదువవచ్చును. జపానువారికిని ధ్వనిలిపి కలదు. దానితోపాటు, సుమారు 1500 ఏండ్ల క్రిందట కొరియా మార్గమున చీనానుండి వచ్చిన అక్షరములను గూడ వారు వాడుదురు. వీనిని కంజీ యందురు. ఒక్కొక్క అక్షరమునకు అర్థము కలదు. నిత్యవ్యవహారమునకై జపాను ప్రభుత్వము 2010లో సవరించిన పట్టికలో ఇవి 2136 ఉన్నవి.

పిల్లలు వీనిని వ్రాసి వ్రాసి నేర్తురు. నాకు ఆ యోపిక లేక కథలు కట్టుకొంటిని. కొన్ని సులభముగ కుదిరినవి. చెట్టుప్రక్క మనుష్యుడుండినచో విశ్రాంతి. మూడు చెట్లు చేరినచో అడవి.

కష్టము గుడితో వచ్చినది. గుడిగుర్తు ప్రక్క సూర్యుడుండినచో కాలము, చేయి యుండినచో పట్టుకొనుట, నడకగుర్తు ఉండినచో వేచియుండుట. గుడిగంట కాలము తెలుపునని, చేత కొబ్బరికాయ పట్టుకొని పోదుమని, తలుపు తీయువరకు వాకిట తచ్చాడుచు వేచియుందుమని కథలల్లితిని. వారము గడచునప్పటికి కొబ్బరికాయ జ్ఞాపకమున్నది, అక్షరార్థము లేదు! సెలవులకు వచ్చిన మనుమని యెదుట దానిని "నైవేద్యము" అని చదివితిని. వాడు నవ్వెను. "పూర్వులు గుడిని తలచియే ఈ యక్షరములు కల్పించినారురా" అని పెద్దరికమున బుకాయించితిని.

తరువాత చరిత్ర చదువగా సిగ్గు కలిగినది. ఈ యక్షరములు పుట్టిన నాటికి చీనాలో ఆ గుర్తుకు గుడి యను అర్థమే లేదు. పూర్వము అది రాజకార్యాలయమునకు చెల్లిన మాట. బౌద్ధము ఆ దేశమునకు వచ్చిన పిదపనే దేవాలయమున కన్వయించినది. ఈ మూడక్షరములలో నది ముఖ్యముగ ఉచ్చారణను సూచించుటకు చేరినది. కంజీలలో చాలభాగ మిట్టివే. ఒక భాగము అర్థమునకు, వేరొక భాగము ధ్వనికి.

ఇట్టి భ్రమ నా యొక్కనిదే కాదు. తూర్పు అను అక్షరము చెట్టు నడుమ ఉదయించు సూర్యునివలె కనబడును. క్రీ.శ. 100 ప్రాంతమున షు షెన్ అను చీనా పండితుడు 9353 అక్షరములకు నిఘంటువు కూర్చి, చెట్టునడుమ సూర్యుడను కథనే, మరియొకరు చెప్పినదిగా, అందు చేర్చెను. మూడువేల యేండ్లకు పైబడిన యెముకలపై చెక్కిన వ్రాతలను 1899లో పండితులు గుర్తించిరి. వానియందు ఆ యక్షరము రెండు కొసలు కట్టిన మూటవలె నున్నది! ఉచ్చారణ పోలికచే మూటగుర్తును తూర్పునకు వాడుకొనిరని నేటి పండితులు పెక్కుమంది తలంతురు.

మన గ్రామనామములకు చెప్పుకొను కథలును కొన్ని యిట్టివే కావా? వానిని మరువనక్కరలేదు. అవి లేనిచో పేరే మరతుము. కాని ఊరి చరిత్ర యేమని పిల్లలడిగినపుడు, ఇది కథ, ఇది శాసనము అని వేరుచేసి చెప్పుట పెద్దల విధి.

నేనట్లే మనుమనికి ఉత్తరము వ్రాసితిని: "నాడు చెప్పినది కథ, చరిత్ర కాదు. తప్పు నాదే." ఆ యుత్తరమున పట్టుకొనుట యను అక్షరమును తప్పులేక వ్రాసితిని. వ్రాయునపుడు తలచుకొన్నది మాత్రము కొబ్బరికాయనే.