చందవరము శిల్పసంచయము

దొనకొండ సమీపమున, గుండ్లకమ్మ తీరమందలి చందవరము గుట్టపై మహాస్తూపమును 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రి గుర్తింపగా, 1970 దశకమున రాష్ట్ర పురావస్తుశాఖ జరిపిన త్రవ్వకములలో సున్నపురాతి శిల్పఫలకము లనేకము వెలువడెను. కళాప్రదర్శనశాలల శాశ్వత సంచయములు ఇట్టి త్రవ్వకములచేతనే గాక, దానము, క్రయము, బదిలీ అను మార్గములచేతను పెరుగును. ఉదాహరణకు, అమరావతి స్తూపపు ఫలకములు మదరాసు, లండను ప్రదర్శనశాలలకు పంచబడినవి.

క్రయమార్గమున మిక్కిలి జాగరూకత వలయును. చందవరమునుండి అపహృతమైన మూడవ శతాబ్దపు ఫలకమొకటి, బుద్ధుని ఆరాధించు భక్తులను చూపునది, న్యూయార్కు వర్తకురాలి ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల సంచయమున చేరి, దాని పూర్వచరిత్ర అసత్యమని తేలిన పిమ్మట 2016లో భారతదేశమునకు మరల అప్పగింపబడెను. కొన్నవారు దానిని వదలుకొనుట న్యాయమే. గ్రామమునకు గలిగిన నష్టము మాత్రము కేవలము ఒక రాతి నష్టము కాదు, ఏ రాయి ఏ రాతి ప్రక్కన నిలిచియుండెనో తెలుపు జ్ఞానము యొక్క నష్టము.

కావుననే ప్రతి వస్తువునకు సంఖ్య వేసి, కొలతలు, లభించిన చోటు, చేరిన తేది, పగుళ్లు, విరుగుళ్లు రిజిస్టరున వ్రాసి, ఛాయాచిత్రము తీయించుట సంచయరక్షణమున ప్రథమ కార్యము. ఇతర ప్రదర్శనశాలలకు కొంతకాలము ఎరువిచ్చునపుడు ఆ రిజిస్టరుతో సరిచూచియే వస్తువును పంపుదురు, తిరిగి వచ్చినపుడు మరల సరిచూచి దాని స్థానమున నిలుపుదురు.