చక్రం చెక్కిన పురుగు

పూజాపీఠం మీద రాగి పళ్లెంలో నిమ్మకాయంత నల్లరాయి. రోజూ అభిషేకం చేసి, తులసిదళం వేసి, ఆ నీళ్లనే ఇంటిల్లిపాదీ తీర్థంగా పుచ్చుకుంటారు. విగ్రహాలకు చేసే ప్రాణప్రతిష్ఠ సాలగ్రామానికి అక్కర్లేదు. విష్ణువు అందులో తనంతట తానే వెలిశాడని నమ్మకం. కార్తికంలో దాన్ని దానమిస్తే మహాపుణ్యమంటారు. తెలుగిళ్లలో ఇంతగా కలిసిపోయిన ఈ రాయి పుట్టిల్లు మాత్రం నేపాల్లోని ముస్తాంగ్ కొండల నడుమ పారే కాళీగండకి నది.

ఆ కొండల్లోని నల్లటి పలకరాతి పొరలు ఒకనాటి సముద్రపు బురద. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. అందులో అమ్మోనైట్లు ఈదేవి. ఆక్టోపస్‌కు దూరపు చుట్టాలు. ఒళ్లు పెరిగేకొద్దీ గుల్లను ముందుకు పొడిగించుకుంటూ, వెనక ఖాళీ అయిన చోటును గోడ కట్టి మూసేసేవి. అలా గదులన్నీ చుట్టలు చుట్టుకుని చక్రమయ్యేవి. ప్రాణి చచ్చి అడుగున పడితే, చుట్టూ ఉన్న బురదలో ఖనిజాలు చేరి గట్టిపడి, గుల్ల రాతి ఉండ లోపల భద్రంగా మిగిలేది. ఆ రాతి ఉండే సాలగ్రామం. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత భూఖండం ఆసియాను ఢీకొంది. సముద్రపు అడుగు హిమాలయమై లేచింది. అందుకే సాలగ్రామ క్షేత్రంగా పేరుపడ్డ ముక్తినాథ్ ఇవాళ 3,700 మీటర్లకు పైగా ఎత్తున ఉంది.

పురాణం వేరే సంగతి చెబుతుంది. బృందాదేవి శాపంతో విష్ణువు శిలయ్యాడనీ, వజ్రకీటమనే పురుగు ఆ శిలను తొలిచి చక్రాలు చెక్కిందనీ.

ఇక్కడ కాస్త ఆగాలి. గండకి ఒడ్డున ఆ రాయిని మొదట చేతిలోకి తీసుకున్నవాళ్లకు టెథిస్ తెలియదు, అమ్మోనైట్ తెలియదు. అయినా ఆ చుట్టలు నీటి ఒరిపిడికి పడ్డవి కావనీ, ఏదో ప్రాణి పనేననీ పోల్చుకున్నారు. భక్తితో చూసిన చూపు అంత నిశితమైనది! చక్రాలెన్ని, ఎక్కడున్నాయి, రంధ్రం ఎలా ఉంది అని పరీక్షించి లక్ష్మీనారాయణ, సుదర్శన, నరసింహ అంటూ పేర్లు పెట్టారు.

ఈ ఆశ్చర్యం ఒక్క చోటిది కాదు. అమ్మోనైట్ అన్న పేరే పొట్టేలు కొమ్ముల ఈజిప్టు దేవుడు ఆమన్‌ది. ఇంగ్లండులోని విట్బీలో వీటిని సెయింట్ హిల్డా రాళ్లుగా మార్చిన పాములన్నారు. తల లేని లోటు తీర్చడానికి రాతిలో పాముతలలు చెక్కారు కూడా. ఉత్తర అమెరికాలో బ్లాక్‌ఫుట్ జాతివారు అమ్మోనైట్ ముక్కలను ఇనిస్కిమ్ అని పిలిచి, అడవిదున్నల మందలను రప్పించే పవిత్రశిలలుగా దాచుకున్నారు.

ఇప్పటికీ గండకి ఇసుకమేటల మీద తల వంచుకుని నల్లరాళ్లు వెతికేవాళ్లు కనిపిస్తారు. ఒక్కోసారి రాతి ఉండ సరిగ్గా మధ్యకు పగులుతుంది. ఒక ముక్కలో గుల్ల, రెండో ముక్కలో దాని అచ్చు. రెండూ దగ్గరకు చేరిస్తే మళ్లీ మామూలు గుండ్రాయి.