పోటీకి నాటికను ఎన్నుకొనుట

పద్యనాటకము రాజ్యమేలిన దినములలో ఏ నాటకము ఆడవలెనను ప్రశ్న సమాజముల వారిని అంతగా బాధించెడిది కాదు. రాగము తీయగల కృష్ణుడును, ఆ రాగమును అందుకొనగల హార్మోనియమును దొరికిన చాలును, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు సిద్ధముగనే ఉండెడివి. నటుని వెంట నాటకము నడచెడిది. వీరేశలింగము పంతులుగారి ప్రహసనములు పరిమాణమున చిన్నవే యైనను, సంస్కరణోద్యమమునకు సాధనములుగా పుట్టినవే కాని పోటీవేదికను ఎరిగినవి కావు.

1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళా పరిషత్తు వెలసినది. ఇంచుమించుగా ఆ కాలముననే బళ్ళారి రాఘవ, పి.వి. రాజమన్నారు రచించిన 'తప్పెవరిది'ని రంగమెక్కించి, పద్యము లేని సాంఘిక నాటకమునకును ప్రేక్షకులు కలరని చూపెను. రాజమన్నారు, ముద్దుకృష్ణ ప్రభృతులు ఏకాంకికలు వ్రాసిరి. భమిడిపాటి కామేశ్వరరావు హాస్యముతో ఆ దారిని సుగమము చేసెను. తరువాత ఊరూర పరిషత్తులు లేచి, ఒక్క రాత్రియందే మూడు నాలుగు నాటికలు వరుసగా ఆడించు పద్ధతి ఏర్పడగా, ఎంపిక అనునది ఒక విద్యయైనది.

ఆ విద్యకు మూలము సాహిత్యాభిరుచియే యని తలచుట పొరపాటు. నాటిక గంటలోపున ముగియవలెను; ఒక సమాజము సామాను తీసి వేరొక సమాజము సామాను పేర్చుకొను వ్యవధి స్వల్పము కనుక ఒకే సెట్టుతో నడువవలెను. గుమాస్తా యింటి ముందుగది, అందొక బల్ల, రెండు కుర్చీలు, గోడకొక క్యాలెండరు: దశాబ్దములపాటు తెలుగు నాటిక ఈ గదినుండి కదలకుండుటకు రచయితల మధ్యతరగతి మమకార మెంత కారణమో, ఈ నియమమును అంత కారణము. ఇక స్త్రీపాత్ర సంగతి. సమాజములలోని నటులు ఆఫీసు వదలిన పిమ్మట రిహార్సలు వేసికొను ఉద్యోగులు, ఉపాధ్యాయులు. నటీమణిని పైయూరినుండి పారితోషికమిచ్చి పిలిపింపవలెను, ఆమెయో ప్రదర్శనకు ఒకటి రెండు దినములు ముందుగా కాని వచ్చుట కుదరదు. అందుచేత పుస్తకము చేతికి రాగానే మొదట చూచునది ఇతివృత్తము కాదు, పాత్రల పట్టిక! స్త్రీపాత్ర లేని నాటికలు, ఒకే స్త్రీపాత్ర గల నాటికలు అని ప్రత్యేకముగా అడిగెడివారు. రచయితలును ఆ గిరాకి నెరిగి వ్రాసిరి. ఖర్చు తగ్గినమాట నిజమే. కాని సంసారముల కథలు చెప్పు వేదికపై గృహిణి తెరచాటు నుండి దగ్గుటతోనో పిలుచుటతోనో సరిపెట్టుకొనవలసి వచ్చుట కళకు చిన్న నష్టమని నేననుకొనను.

ఈ పరిమితులనే బలముగా మార్చుకొన్న నాటికలును లేకపోలేదు. గొల్లపూడి మారుతీరావు 'కళ్ళు' గ్రుడ్డి బిచ్చగాండ్ర కథ. చింకిగుడ్డలే ఆహార్యము, చూపు లేని నటనయే అలంకారము. చూపు వచ్చినవాడు తక్కినవారియెడల ఎట్లు ప్రవర్తించునన్న ఒక్క ప్రశ్నపై కథ నిలుచును కనుక, సెట్టింగుల వైభవము లేని సమాజము సైతము దానికి సాహసింపవచ్చును. 1988లో అది చలనచిత్రమైనది. గణేశ్ పాత్రో 'కొడుకు పుట్టాల' కుటుంబనియంత్రణ ప్రచారమును వ్యంగ్యముతో నాటకీయము చేసినది. ప్రచారమునకు వ్రాసినవానిలో ఇంత ప్రాణము గలవి అరుదు.

బహుమతుల ప్రాబల్యము పెరిగినకొలది ఎంపికకు మరియొక దృష్టి తోడైనది. ఒక పరిషత్తులో ఉత్తమ ప్రదర్శనగా నిలిచిన నాటిక తరువాతి పరిషత్తులలో తిరుగుట సహజమే. దాని నకళ్ళు పుట్టుటయే విచారకరము. న్యాయనిర్ణేతలు కంటతడి పెట్టిరన్న వార్త పొక్కినచో, మరుసటి ఏటి నాటికలలో సగము చివరి పది నిమిషములును శోకమే! 1998లో ప్రభుత్వము నంది నాటకోత్సవములు నెలకొల్పిన పిమ్మట పోటీ గౌరవమును, తీవ్రతయు రెండును హెచ్చినవి.

నేడు పేరున్న సమాజములు అచ్చైన పుస్తకమును వెదకుట మానినవి. తమయందున్న నటుల బలాబలములు రచయితకు చెప్పి క్రొత్తగా వ్రాయించుకొనుచున్నవి. పాత్రలు నటుల కొలతకు అమరుచున్నవి, ప్రదర్శన సుఖముగా సాగుచున్నది. అయితే అట్టి నాటికను పరాయి సమాజము ఎత్తుకొనుట కష్టము. ఆత్రేయ 'ఎవరు దొంగ' వంటివానిని మరల పోటీకి తెచ్చువారును కానరారు. పాతదానికి బహుమతి రాదను భయము అందరికిని కలదు.